ఉచ్చు పన్నే చదరంగం ఇంజిన్: మనిషిలా దాడి చేసే యంత్రాన్ని మెట్టుమెట్టుగా కట్టుకుందాం

నల్లగొండ, మిర్యాలగూడ, వనపర్తి, నాగర్‌కర్నూల్ లాంటి ఊళ్లలో చదరంగం నేర్చుకునే పిల్లలకు మంచి కోచ్ వారానికి ఒకటి రెండు రోజులు దొరికితే గొప్ప. మిగతా రోజులన్నీ ఫోన్లో ఇంజిన్‌తోనే, అంటే చదరంగం ఆడే ప్రోగ్రామ్‌తోనే సాధన. దాన్ని పూర్తి బలంతో పెడితే పిల్లవాడికి ఊపిరాడదు, ఎందుకు ఓడాడో కూడా అర్థం కాదు. లెవెల్ తగ్గిస్తే పది ఎత్తులు గ్రాండ్‌మాస్టర్‌లా ఆడి, పదకొండో ఎత్తులో మంత్రిని ఉత్తగనే ఇచ్చేస్తుంది. హైదరాబాద్ టోర్నమెంట్లో ఎదురుగా కూర్చునే ప్రత్యర్థి ఈ రెండు రకాలుగానూ ఆడడు. రాజు మీదికి బంట్లు తోస్తాడు, గుర్రాన్ని బలి ఇస్తాడు, తీసుకుంటే ఏమవుతుందో తేల్చుకొమ్మని గడియారం నొక్కి కూర్చుంటాడు. అలాంటి దాడికి తట్టుకోవడం పిల్లలకు అలవాటు కావాలంటే అలాంటి దాడి చేసే ఇంజిన్ కావాలి.

దాన్ని మామూలు లాప్‌టాప్ మీద, డబ్బు పెట్టకుండా దొరికే సామగ్రితో కట్టుకోవచ్చు. పైథాన్ కొంత వచ్చి, చదరంగం ఎత్తులు చదవడం వచ్చిన డిగ్రీ విద్యార్థి నెలరోజుల సాయంత్రాల్లో పూర్తి చేయగల పని ఇది. పాలమూరు యూనివర్సిటీలోనో మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో కంప్యూటర్ సైన్స్ చదువుతూ ప్రాజెక్టు కోసం వెతుక్కునేవాళ్లు దీన్ని నిజంగా పరిశీలించాలని నా కోరిక.

ముందు అసలు సంగతి

1960లో మాస్కోలో ప్రపంచ చాంపియన్ బోట్విన్నిక్‌తో మిఖాయిల్ తాల్ తలపడ్డాడు. ఆరో ఆటలో నల్లపావులతో ఆడుతూ 21వ ఎత్తులో గుర్రాన్ని ఎఫ్4 గడిలో పెట్టి బలి ఇచ్చాడు. హాల్లో ఎంత గోల లేచిందంటే ఆటగాళ్లను వేరే గదిలోకి మార్చాల్సి వచ్చింది. ఆ బలి పూర్తిగా సరైనది కాదని, తెల్లపావులకు మంచి జవాబు ఉందని తర్వాత విశ్లేషకులు తేల్చారు. కానీ గడియారం నడుస్తుండగా బోట్విన్నిక్ అంతటివాడికి ఆ జవాబు దొరకలేదు. తాల్ ఆ ఆట గెలిచాడు, మ్యాచ్‌ను 12½–8½తో ముగించి 23 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఇలాంటి సరికాని బలులకు ఇంజిన్ మార్కులు తగ్గిస్తుంది. ఎందుకంటే, ఎదుటివాడు ఎప్పుడూ అన్నిటికంటే మంచి జవాబే ఇస్తాడన్న నమ్మకం మీదే దాని లెక్క మొత్తం నడుస్తుంది. మినిమాక్స్, ఆల్ఫా-బీటా అనే వెతుకులాట పద్ధతులు రెండింటికీ ఆ నమ్మకమే ఆధారం. మనుషుల మధ్య ఆ నమ్మకం నిలవదు. మా వైపు గుడి అరుగు మీద గీసిన పులి-మేక ఆటలో మేకల పక్షంవాడు ఒక మేకను కావాలనే ఎరగా వదులుతాడు. పులి దూకుతుందని అతనికి తెలుసు, దూకిన చోట దాన్ని కమ్మేయడానికి మిగతా మేకలు సిద్ధంగా ఉంటాయి. ఆ మేకను వదలడంలో ఉన్న తెలివి గీతల లెక్క ఒక్కటే చూస్తే బయటపడదు, పులి ఆడేవాడి స్వభావం కూడా లెక్కలోకి రావాలి.

కాబట్టి మన ఇంజిన్‌కు రెండు బుర్రలు ఉండాలి. ఒకటి నిజం చెప్పే న్యాయమూర్తి: ఈ ఎత్తు వాస్తవంగా ఎంత మంచిది, ఎంత చెడ్డది? రెండోది ఎదుటి మనిషిని ఊహించేది: ఈ స్థితిలో ఈ స్థాయి ఆటగాడు ఏ జవాబు ఇవ్వబోతాడు? ఈ రెండింటి మధ్య తేడా ఎంత పెద్దదైతే ఉచ్చు అంత పదునైనది. ఇక్కడ చెప్పే మెట్లన్నీ ఆ తేడాను కొలిచేందుకు, దాన్ని అదుపులో పెట్టుకునేందుకు.

మొదటి మెట్టు: సామగ్రి

న్యాయమూర్తిగా స్టాక్‌ఫిష్. ఉచితం, సోర్సు తెరిచి ఉంటుంది, చిన్న లాప్‌టాప్ మీద కూడా సెకనుకు లక్షల స్థితులు చూస్తుంది. మనిషిని ఊహించడానికి మాయా. లీచెస్ అనే ఉచిత చదరంగం సైట్‌లో మామూలు మనుషులు ఆడిన లక్షల కొద్దీ ఆటల మీద శిక్షణ ఇచ్చిన న్యూరల్ నెట్‌వర్క్ ఇది. టొరంటో, కార్నెల్ విశ్వవిద్యాలయాల వాళ్లు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌తో కలిసి 2020లో దీన్ని బయటికి తెచ్చారు. గెలిచే ఎత్తు వెతకడం దాని పని కాదు. ఫలానా రేటింగ్ (ఆట బలాన్ని చెప్పే అంకె) ఉన్న మనిషి ఏ ఎత్తు వేస్తాడో చెప్పడమే పని, సుమారు సగం సార్లు సరిగ్గా చెబుతుంది. మొదటి తరంలో 1100 నుంచి 1900 వరకు వందకొకటి చొప్పున తొమ్మిది నమూనాలు ఉన్నాయి. 2024లో వచ్చిన మాయా-2లో ఒకే నమూనాకు ఇద్దరి రేటింగులూ ఇస్తే చాలు, ఒక్కో ఎత్తుకు సంభావ్యత చెబుతుంది. పైథాన్ ప్యాకేజీగా నేరుగా ఇన్‌స్టాల్ అవుతుంది కాబట్టి కొత్తవాళ్లకు అదే సులువు.

మొదటి తరం మాయా వాడదలిస్తే లీలా చెస్ జీరో ఇంజిన్‌లో దాని వెయిట్స్ ఫైలు (శిక్షణలో నేర్చుకున్న అంకెలు) పెట్టి, నోడ్ల సంఖ్య, అంటే అది చూసే స్థితుల సంఖ్య, కచ్చితంగా ఒకటి అని ఇవ్వాలి. నోడ్లు పెంచితే అది వెతకడం మొదలుపెట్టి మనిషిలా ఊహించడం మానేస్తుంది. వెర్బోస్ మూవ్ స్టాట్స్ అనే ఆప్షన్ ఆన్ చేస్తే ఒక్కో ఎత్తు పక్కన దాని శాతం కనిపిస్తుంది, మనకు కావలసింది ఆ శాతమే.

ఈ రెండింటినీ కలపడానికి పైథాన్-చెస్ లైబ్రరీ. బోర్డు, నియమాలు, యూసీఐ (ఇంజిన్లతో మాట్లాడే ప్రామాణిక పద్ధతి) ద్వారా సంభాషణ అన్నీ అదే చూసుకుంటుంది. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) అక్కర్లేదు.

ఇక్కడే ఒక దారి మూసేద్దాం. స్టాక్‌ఫిష్‌లో స్కిల్ లెవెల్ అని, యూసీఐ ఎలో అని బలం తగ్గించే ఆప్షన్లు ఉన్నాయి. మంచి ఎత్తులు కొన్ని తీసుకుని వాటిలోంచి పాచిక వేసినట్టు కొంత బలహీనమైనది ఎంచుకోవడమే వాటి పద్ధతి. అందులో ఎదుటివాడి ఊసే లేదు, కాబట్టి దాన్నుంచి పుట్టే తప్పులు మనిషి తప్పుల్లా ఉండవు, ఉచ్చులూ పుట్టవు. మన ఇంజిన్‌లో న్యాయమూర్తి ఎప్పుడూ పూర్తి బలంతోనే ఉంటాడు.

రెండో మెట్టు: ఏ ఎత్తులను పరిశీలించాలి

స్టాక్‌ఫిష్‌లో మల్టీపీవీని (ఎన్ని మంచి ఎత్తులు చూపాలో చెప్పే ఆప్షన్) ఎనిమిదికి పెట్టి, డెప్త్ 14 వరకు, అంటే ఇద్దరి ఎత్తులూ కలిపి పద్నాలుగు ఎత్తుల లోతు వరకు నడిపితే ఎనిమిది మంచి ఎత్తులు వస్తాయి. కానీ మనకు కావలసిన గుర్రం బలి ఆ ఎనిమిదిలో చాలాసార్లు ఉండదు, పదకొండో స్థానంలోనో పదిహేనో స్థానంలోనో ఉంటుంది. అందుకని మూడు రకాల ఎత్తులను మనమే జాబితాలో చేర్చాలి. రాజుకు చెక్ ఇచ్చేవన్నీ. ఎదుటి రాజు చుట్టుపక్కల గడుల్లో జరిగే చంపుళ్లన్నీ. మన పావు ఎదుటివాడు తీసుకోగల గడిలోకి వెళ్తూ, అదే సమయంలో అతని రాజు వైపు గురిపెట్టేవన్నీ. యూసీఐలో సెర్చ్‌మూవ్స్ ఇచ్చి, పైథాన్-చెస్‌లో అయితే రూట్ మూవ్స్ ఇచ్చి, వీటిని మాత్రమే విడిగా లెక్కించమని స్టాక్‌ఫిష్‌కు చెప్పొచ్చు.

మూడో మెట్టు: మార్కులను గెలుపు శాతంగా మార్చడం

ఇంజిన్ చెప్పే అంకెలు బంట్ల లెక్కలో ఉంటాయి, వాటిని నేరుగా సగటు తీయకూడదు. +9కి, +5కి మధ్య తేడా మనిషికి ఏమీ కాదు, రెండూ గెలుపే. 0కి, +2కి మధ్య తేడా బతుకు మార్చేది. అందుకే ముందు శాతంగా మార్చాలి. లీచెస్ వాడే సూత్రం మనుషుల ఆటల నుంచి తీసినది కాబట్టి మనకు సరిపోతుంది: బంటులో వందో వంతుగా ఉన్న మార్కును 0.00368208తో గుణించి, మైనస్ గుర్తు పెట్టి, దాన్ని e అనే గణిత స్థిరాంకానికి (సుమారు 2.718) ఘాతంగా తీసుకుని, దానికి ఒకటి కలిపి, ఆ మొత్తంతో వందను భాగించాలి. ఒక బంటు ఆధిక్యం 59 శాతం దగ్గర, మూడు బంట్ల ఆధిక్యం 75 శాతం దగ్గర తేలుతుంది.

నాలుగో మెట్టు: ఉచ్చును కొలవడం

మొత్తం పనికి గుండెకాయ ఇదే, ఇక్కడ తొందరపడొద్దు.

ఒక్కో పరిశీలన ఎత్తును బోర్డు మీద వేసి, ఆ స్థితిని మాయాకు చూపించాలి. ఎదుటివాడి రేటింగ్ ఇస్తే, అతను ఇవ్వగల జవాబులకు శాతాలు వస్తాయి. వాటిలో పైనున్న నాలుగైదు తీసుకోవాలి, స్టాక్‌ఫిష్ చెప్పే అత్యుత్తమ జవాబు వాటిలో లేకపోతే దాన్నీ చేర్చాలి. ఒక్కో జవాబు తర్వాత స్థితి విలువ ఎంతో స్టాక్‌ఫిష్‌తో తేల్చి, గెలుపు శాతంగా మార్చి, మాయా ఇచ్చిన సంభావ్యతతో గుణించి కలిపితే మనకు ఆశించదగిన విలువ దొరుకుతుంది.

అంకెలతో చూద్దాం, ఇవి ఊహకు తీసుకున్నవి. ఒక స్థితిలో రెండు ఎత్తులున్నాయనుకోండి. మొదటిది ప్రశాంతమైన ఎత్తు, ఇంజిన్ మార్కు +0.5. ఎదుటివాడు ఉత్తమ జవాబు ఇవ్వడానికి 55 శాతం అవకాశం, అప్పుడు మన గెలుపు శాతం 54.6. రెండో జవాబుకు 35 శాతం, విలువ 56.4. మూడోదానికి 10 శాతం, విలువ 63.5. గుణించి కలిపితే 56.1.

రెండో ఎత్తు గుర్రం బలి. ఇంజిన్ మార్కు −0.6, అంటే నిజానికి మనకే కొంచెం నష్టం. సరైన జవాబు ఇస్తే మన శాతం 44.5. కానీ ఆ జవాబు రాజును ఒక గడి ముందుకు నడిపే వింత ఎత్తు, 1400 స్థాయి ఆటగాడికి అది తట్టే అవకాశం 20 శాతమే. 60 శాతం సార్లు గుర్రాన్ని తీసుకుంటాడు, అప్పుడు మనకు +2.5, అంటే 71.5 శాతం. మిగతా 20 శాతం సార్లు వెనక్కి తగ్గుతాడు, 57.3. కలిపితే 63.3. ఇంజిన్ దృష్టిలో బంటుకు పైగా తక్కువైన ఎత్తు ఈ ఆటగాడి మీద ఏడు పాయింట్లు ఎక్కువ తెస్తోంది.

అదే బలిని 2200 స్థాయి ఆటగాడి మీద వేసి చూడండి. సరైన జవాబు దొరికే అవకాశం 70 శాతం, తీసుకునేది 20, తగ్గేది 10 అనుకుంటే మొత్తం 51.2కు పడిపోతుంది. అతని మీద ప్రశాంతమైన ఎత్తే మేలు. కోడ్‌లో ఎక్కడా ధైర్యం అనే అంకె పెట్టకుండానే, ఎదుటివాడిని బట్టి ఇంజిన్ తనంతట తానే సాహసం పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది.

ఏ జవాబులు మనిషికి తట్టవో కోచ్‌లకు అనుభవంతో తెలుసు: వెనక్కి నడిచే గుర్రం, రాజును బోర్డు మధ్యకు తెచ్చే ఎత్తు, గెలిచిన పావును తిరిగి ఇచ్చేయడం, చెక్‌కు చెక్‌తో జవాబు, ఏమీ తినని నిదానమైన ఎత్తు. గుర్రాన్ని ఎరగా పెడితే మా దగ్గరి పిల్లల మాట ఒకటే: "ఉత్తగనే ఇస్తుండు సార్, తినకుంటె ఎట్ల?" మాయా ఈ స్వభావాన్ని లక్షల ఆటల నుంచి నేర్చుకుంది కాబట్టి వీటిని మనం విడిగా రాయనక్కర్లేదు.

మాయాకు ఒక పరిమితి ఉంది. అది ఒక్క చూపులో తట్టే ఎత్తు చెబుతుంది, వెతకదు. బ్లిట్జ్‌లో, అంటే కొద్ది నిమిషాల్లో ముగిసే ఆటలో, మనిషి దానికి దగ్గరగానే ఆడతాడు. పావుగంట గడియారం ఉన్న ఆటలో, ఎదుటివాడు గుర్రం బలి ఇవ్వగానే మూడు నిమిషాలు ఆలోచించే మనిషి ఇంకా బాగా ఆడతాడు. అందుకని మాయా శాతాలకు, స్టాక్‌ఫిష్‌ను డెప్త్ 5 లేదా 6 దగ్గర ఆపితే వచ్చే అభిప్రాయాన్ని కొంత కలపాలి. సమయం ఎక్కువ ఉంటే దాని వాటా పెంచాలి, ఎదుటివాడి గడియారంలో నిమిషం లోపు ఉంటే దాన్ని సున్నా చేయాలి. ఈ సర్దుబాటు లేని ఇంజిన్ నిదానమైన ఆటల్లో అతి ఆశతో బలులు ఇస్తూ పోతుంది.

ఖర్చు సంగతి: పది ఎత్తులు, ఒక్కోదానికి నాలుగు జవాబులు అంటే నలభై స్థితులు. ఒక్కోదానికి సెకనులో పదో వంతు ఇస్తే నాలుగు సెకన్లలో ఎత్తు తయారు. ఇంకో జత ఎత్తుల లోతుకు వెళ్లాలనిపిస్తే అన్నిటికీ వద్దు, మొదటి లెక్కలో పైకి తేలిన రెండింటికే చేయండి.

మాయా లేకుండా చేసే దారి

పాత ఫోన్ మీదో, బ్రౌజర్లోనో నడవాలంటే మాయా బరువు కావచ్చు. అప్పుడు లోతుల తేడాను వాడొచ్చు. ట్రాపీ మినిమాక్స్ అనే పద్ధతి వెనకున్న ఆలోచన ఇదే: తక్కువ లోతులో చూస్తే బాగుండి, ఎక్కువ లోతులో చూస్తే చెడిపోయే జవాబు ఎదుటివాడికి ఉంటే, అక్కడ ఉచ్చు ఉన్నట్టు.

ఎంగ్లండ్ గాంబిట్ (ఆరంభంలోనే బంటును బలి ఇచ్చే ఒక వరుస)లోని ప్రసిద్ధమైన ఉచ్చుతో చూద్దాం. తెల్లబంటు డి4, నల్లబంటు ఇ5. తెల్లవాళ్లు ఆ బంటును తింటారు. నల్లగుర్రం సి6, తెల్లగుర్రం ఎఫ్3, నల్లమంత్రి ఇ7, తెల్లఒంటె ఎఫ్4. నల్లమంత్రి బి4కి వచ్చి చెక్, ఒంటె డి2కి తగ్గి అడ్డుపడుతుంది, మంత్రి బి2 బంటును తింటుంది. ఇప్పుడు తెల్లవాళ్లకు ఒంటెను సి3కి తేవడం ఎంతో సహజంగా అనిపిస్తుంది: మంత్రి మీద దాడి, ఏనుగుకు కాపలా, రెండూ ఒకేసారి. రెండు ఎత్తుల లోతులో ఇంజిన్‌కూ అది బాగానే కనిపిస్తుంది. కానీ నల్లఒంటె బి4కి వచ్చి దాన్ని రాజుకు కట్టేస్తుంది. తెల్లమంత్రి డి2కి వచ్చి ఆదుకుంటే, నల్లఒంటె సి3లో ఒంటెను తింటుంది, మంత్రితో తిరిగి తింటే నల్లమంత్రి సి1లో దిగి ఆట కట్టు. సరైన జవాబు గుర్రాన్ని సి3కి తేవడం. అది వేస్తే నల్లవాళ్లదే చెడ్డ స్థితి.

డెప్త్ 2లో ఒంటె సి3 మార్కు, డెప్త్ 16లో దాని మార్కు: ఈ రెండింటి తేడాయే ఉచ్చు పదును. జవాబులన్నిటికీ ఈ తేడా లెక్కగట్టి, తక్కువ లోతులో బాగా కనిపించే జవాబులకు ఎక్కువ బరువు ఇస్తే మాయా లేకపోయినా నాలుగో మెట్టు లెక్క నడుస్తుంది. మాయా అంత సహజంగా రాదు, కానీ ప్రోగ్రామ్ బరువు తగ్గుతుంది.

ఐదో మెట్టు: దాడి రుచి

ఉచ్చులు ఎండ్‌గేమ్‌లోనూ పన్నొచ్చు. మనకు రాజు మీద దాడి కావాలి కాబట్టి ఆశించదగిన విలువకు ఒక చిన్న అదనం చేర్చాలి. పాత ఇంజిన్ల పద్ధతి ఇప్పటికీ మంచిదే. ఎదుటి రాజు చుట్టూ ఉన్న గడులు, మన వైపు ఇంకో వరుస కలిపి రాజు ప్రాంతం అనుకోవాలి. అందులో మన పావులు దాడి చేసే ఒక్కో గడికి గుర్రం, ఒంటెలకు 2, ఏనుగుకు 3, మంత్రికి 5 చొప్పున వేసి కూడాలి. ఈ మొత్తాన్ని నేరుగా వాడొద్దు. ఒంటరి పావు చేసే దాడి దాడి కాదు, దానికి సున్నా. రెండు పావులుంటే కొంచెం, మూడు నాలుగు చేరాక ఒక్కసారిగా పెరగాలి, ఆ పైన ఒక చోట ఆగిపోవాలి.

రాజు ముందు బంట్లు కదిలి ఉంటే, ఆ వరుస మన ఏనుగుకు తెరిచి ఉంటే, ఇద్దరూ చెరో వైపు కోట కట్టుకుని మన బంట్లు అటు పరుగెత్తుతుంటే ఇంకొంత. మంత్రుల మార్పిడికి తగ్గింపు, ఎందుకంటే మంత్రులు పోతే దాడి చల్లబడుతుంది. మొత్తం కలిపి ఈ అదనం మూడు నాలుగు శాతం పాయింట్లు దాటకూడదని నా అభిప్రాయం. దాటితే ఇంజిన్ ప్రతి ఆటలోనూ ఒకే తీరుగా రాజు మీద పడిపోతుంది, తెలివైన పిల్లలు వారంలో దాని గుట్టు పట్టేస్తారు.

ఆరో మెట్టు: మనిషిలా కనిపించడం

ఇంజిన్లు ఒక్కోసారి రాజును జీ1 నుంచి హెచ్1కి, మళ్లీ జీ1కి నడుపుతాయి. అది తప్పు కాకపోవచ్చు, కానీ దాడి చేసే మనిషి అలా చేయడు. దీనికి మాయానే మళ్లీ వాడొచ్చు, ఈసారి మన ఎత్తు మీద. 1900 స్థాయి దగ్గర ఒక శాతం కూడా రాని ఎత్తులను, వాటి అవసరం లేనప్పుడు, పక్కన పెట్టాలి. ఒక శాతం అన్న గీత తక్కువగా ఉంచడానికి కారణముంది: అందమైన బలులు మాయాకు కూడా అరుదుగానే తడతాయి, గీత పెంచితే అవే ముందు పోతాయి.

ఇంకొకటి, కొనసాగింపు. మనిషి రాజు వైపు దాడి మొదలుపెట్టాక నాలుగైదు ఎత్తులు అటే ఉంటాడు. గత రెండు ఎత్తులు బోర్డు ఏ వైపు జరిగాయో గుర్తుపెట్టుకుని, అదే వైపు వెళ్లే ఎత్తుకు అర శాతం అదనం ఇస్తే ఆట ఒక పథకంలా కనిపిస్తుంది. ఎదుటి పిల్లవాడికి ఆ పథకం చదవడం నేర్పాలంటే అది ముందు కనిపించాలి కదా.

ఏడో మెట్టు: పునాది గీత

ఎంత ఆశ ఉన్నా, ఎదుటివాడు సరైన జవాబు ఇస్తే మనం ఎంత దిగజారుతామో దానికి హద్దు ఉండాలి. సమంగా ఉన్న స్థితిలో ఆ హద్దు 40 శాతం దగ్గర పెట్టండి, అంటే సుమారు ఒక బంటు నష్టం వరకే సాహసం. ఇప్పటికే ఓడుతున్న స్థితిలో హద్దు ఎత్తేయొచ్చు, అక్కడ ఉచ్చు తప్ప వేరే ఆశ లేదు. మనకు నాలుగు బంట్ల పైన ఆధిక్యం ఉంటే మాత్రం ఉచ్చుల లెక్క పూర్తిగా ఆపేసి స్టాక్‌ఫిష్ మొదటి ఎత్తే వేయించాలి. గెలిచిన ఆటను విన్యాసాల కోసం పాడుచేసే యంత్రం నుంచి పిల్లలు చెడ్డ అలవాటే నేర్చుకుంటారు. తాల్ ఆటలు చివరి దాకా తిప్పి చూస్తే, దాడి ఫలించాక అతను ఎంత నేరుగా ముగిస్తాడో కనిపిస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఆరంభాలు

పాలీగ్లాట్ పుస్తకం (ఇంజిన్ చదివే ఆరంభ ఎత్తుల ఫైలు) ఒకటి తయారు చేసుకుని కింగ్స్ గాంబిట్, ఎవాన్స్ గాంబిట్, స్మిత్-మోరా, వియన్నా, నల్లపావులకు బెంకో లాంటివి నింపండి. లీచెస్ ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లో రేటింగును బట్టి ఫలితాలు చూపిస్తారు. ఇంజిన్ మార్కు కంటే మనుషుల ఫలితం బాగున్న వరుసలు ఎంచుకోవడమే సూత్రం. ఎంగ్లండ్ గాంబిట్‌ను మాత్రం రోజువారీ పుస్తకంలో పెట్టొద్దు. ఉచ్చు ఒకసారి తెలిసిపోతే అందులో నల్లవాళ్లకు మిగిలేది ఏమీ లేదు.

తొమ్మిదో మెట్టు: పరీక్ష

ఇంజిన్ల మధ్య పోటీలు పెట్టి మన ఇంజిన్‌ను కొలిస్తే అది ఎప్పుడూ ఓడుతుంది, ఎందుకంటే యంత్రం ఉచ్చులో పడదు. మనిషి నమూనాతోనే ఆడించాలి. ఇక్కడ ఒక మోసం దాగి ఉంది. మాయా-2తో జవాబులు ఊహించి, మాయా-2 తోనే ఆడిస్తే, ఎదుటివాడి మనసు మనకు ముందే పూర్తిగా తెలిసినట్టు అవుతుంది. ఫలితం అద్భుతంగా వస్తుంది, దానికి విలువ ఉండదు. ఊహకు మాయా-2 వాడితే, ప్రత్యర్థిగా మొదటి తరం మాయాను పెట్టండి.

దానికంటే గట్టి పరీక్ష లీచెస్ డేటాబేస్. నెలనెలా ఆడిన రేటెడ్ ఆటలన్నీ అక్కడ ఎవరైనా వాడుకునేలా ఉంచుతారు. ఇప్పటి నెలల ఫైళ్లు లాప్‌టాప్‌కు భారమే, కానీ తొలి ఏళ్లవి చిన్నవి, 2013 జనవరిలో లక్షా ఇరవై ఒక్క వేల చిల్లర ఆటలే ఉన్నాయి. ఆ ఆటల్లో ఎవరైనా బలి ఇచ్చిన స్థితులను వెతికి తీయండి. మన ఇంజిన్ ఆ బలిని ఉచ్చుగా లెక్కగట్టిన చోట, ఎదుటి మనిషి నిజంగా ఏం చేశాడో చూడండి. మనం 60 శాతం తీసుకుంటారని చెప్పిన స్థితులన్నిటినీ ఒక కుప్పగా వేస్తే వాటిలో సుమారు 60 శాతం నిజంగా తీసుకుని ఉండాలి. 40 శాతమే తీసుకుని ఉంటే మన ఊహ అతిగా ఉంది, నాలుగో మెట్టులోని డెప్త్ 5 వాటా పెంచాలి. ఏ రేటింగ్ దగ్గర, ఏ గడియారం దగ్గర ఊహ తప్పుతోందో విడివిడిగా చూస్తే ఇంజిన్‌ను సర్దడానికి కావలసినదంతా అక్కడే దొరుకుతుంది. ఒక్క మనిషినీ ఇబ్బంది పెట్టకుండా మనుషుల మీద పరీక్షించినట్టే.

ఆటలు ఆడించి పోల్చేటప్పుడు సంఖ్య గుర్తుంచుకోండి. వంద ఆటలకు ఫలితం అటూ ఇటూ ఐదు శాతం దాకా ఊరికే ఊగుతుంది, నాలుగు వందలకు రెండున్నర. వంద ఆటల్లో ఒక సెట్టింగ్ 54, ఇంకోటి 58 తెస్తే అందులో తేల్చుకోవడానికేమీ లేదు. గెలుపుల లెక్కతో పాటు బలులు ఎన్ని, 40 ఎత్తుల లోపు ముగిసినవి ఎన్ని అని కూడా చూడాలి. స్టెఫాన్ పోల్ తయారు చేసిన ఈఏఎస్ టూల్ ఆటల ఫైలు చదివి ఇలాంటి దూకుడు లెక్క కడుతుంది.

పదో మెట్టు: మనుషుల ముందుకు

లీచెస్‌లో బాట్ ఖాతా తెరవొచ్చు. ఒక్క ఆట కూడా ఆడని కొత్త ఖాతాను మాత్రమే బాట్‌గా మార్చగలరు, మార్చాక వెనక్కి రాదు. లీచెస్-బాట్ అనే ప్రోగ్రామ్ మన ఇంజిన్‌ను సైట్‌కు కలుపుతుంది. యంత్రమని పేరు పక్కనే కనిపిస్తుంది, ఎదుటివాడు తెలిసే ఆడతాడు. సొంత ఖాతాలో ఆడుతూ ఈ ఇంజిన్‌ను పక్కన తెరిచి పెట్టుకోవడం మోసం, పిల్లలకు ఇంజిన్ చేతికి ఇచ్చే ముందే ఈ మాట గట్టిగా చెప్పాలి. స్టాక్‌ఫిష్, లీలా, పైథాన్-చెస్ మూడూ జీపీఎల్ లైసెన్సు కింద ఉన్నాయి. వాటిని కలిపి మీ ఇంజిన్‌ను ఇతరులకు పంచితే సోర్సు కూడా ఇవ్వాలి.

పిల్లల కోసమైతే ఇంకొక్క భాగం తప్పకుండా రాయండి, నా దృష్టిలో అన్నిటికంటే ఉపయోగపడేది అదే. ఇంజిన్ ఉచ్చు పన్నిన ప్రతిసారీ ఆ స్థితి, మనిషి వేస్తాడని ఊహించిన జవాబు, నిజంగా వేసిన జవాబు, సరైన జవాబు నాలుగూ ఒక ఫైలులో రాసుకోవాలి. ఆట అయ్యాక పిల్లవాడు పడిన ఉచ్చులు పజిళ్లుగా బయటికి రావాలి: నీ రాజుకు ఇక్కడ దారి ఉంది, వెతుకు. పడకుండా తప్పించుకున్నవి కూడా రావాలి, అవి చూసుకుంటే ధైర్యం వస్తుంది. ఒక్కో పిల్లవాడి ఫైలు నెల తర్వాత తీసి చూస్తే, గుర్రం బలులకు పడుతున్నాడా, మంత్రి ఎరకు పడుతున్నాడా, లేక గడియారం తగ్గాకే పడుతున్నాడా అన్నది విడిపోయి కనిపిస్తుంది. వారానికి రెండు రోజులు వచ్చే కోచ్‌కు ఆ కాగితం ఇవ్వండి, ఆ రెండు రోజుల్లో ఏం నేర్పాలో అతనికి తెలుస్తుంది.